భుజం దించమ్మా!

వీణ నేర్చుకునేవాళ్లకి వేళ్ల నొప్పి మామూలే. తీగ కోసుకుంటుంది, కాయలు కాస్తాయి, కొన్నాళ్లకి ఆ నొప్పి తెలియదు. మెడనొప్పి అలా కాదు. గమకానికి తీగ లాగాల్సింది ఎడమచేతి రెండు వేళ్లే. భయపడుతూ వాయిస్తే ఆ పనిలోకి భుజం వస్తుంది, దవడా వస్తుంది. స్వరం తప్పితే ఊరుకునే మా టీచరుగారు భుజం లేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "భుజం దించమ్మా!" దించేదాన్ని. మరుక్షణం అది మళ్లీ చెవి దగ్గరికి చేరేది.

కచేరీ ముందు వారం ఇంట్లో అమృతాంజనం వాసనే. అదే కృతిని సెలవుల్లో గంటలకొద్దీ వాయించినా మెడ పట్టేది కాదు. వీణ అదే, కూర్చునే తీరూ అదే.

కంగారు ఒంటిని పోట్లాటకో పరుగుకో సిద్ధం చేస్తుంది. రక్తంలోకి అడ్రినలిన్ వస్తుంది, కండరాలు బిగుస్తాయి. పోట్లాటా ఉండదు, పరుగూ ఉండదు; బిగువు మాత్రం ఉండిపోతుంది. బిగిసిన కండరానికి రక్తం సరిగా అందక నొప్పి పుడుతుంది. అంతటితో ఆగితే బాగుండు. వెన్నుపాము దగ్గర నొప్పి కబురును పెంచడంలో, తగ్గించడంలో మెదడుకీ చెయ్యి ఉందని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. దిగులుపడ్డ మెదడు దాన్ని పెంచుతుంది. నొప్పిని చూసి దిగులు, దిగులు వల్ల నొప్పి. అందుకే "అంతా నీ మనసులోనే ఉంది" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నొప్పి మెడలోనే ఉందండీ, నిజంగానే ఉంది.

"కంగారుపడకు" అనగానే కంగారు తగ్గినవాళ్లని నేనైతే చూడలేదు. చికాగో వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ కండరం వైపు నుంచి నరుక్కొచ్చాడు. 'ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్' అన్న ఆయన పుస్తకం 1929లో వచ్చింది. పిడికిలి బిగించు, ఆ బిగువు ఎలా ఉందో గమనించు, వదిలెయ్. తర్వాత భుజం, నుదురు, దవడ. బిగువేదో తెలిస్తేనే వదలడం తెలుస్తుంది. మనకి శవాసనం ఉందిగా అంటారా? ఉంది. కానీ చాలా యోగా క్లాసుల్లో దాన్ని రెండు నిమిషాల్లో కానిచ్చి చాపలు చుట్టేస్తారు.

ఇప్పుడు వీణ ముందు కూర్చోగానే భుజాలు రెండూ కావాలనే చెవులదాకా ఎత్తి, కాసేపు బిగబట్టి, ఒక్కసారిగా వదిలేస్తాను. ఆ తర్వాతే శ్రుతి. స్టేజీ భయం పోలేదు. మెడ పట్టేయడం మాత్రం బాగా తగ్గింది.

ప్రతి నొప్పికీ కంగారే కారణం కాదు. చెయ్యి తిమ్మిరెక్కుతున్నా, పట్టు తప్పుతున్నా, నొప్పి ఛాతీ నుంచి చేతికి పాకుతున్నా ఈ కాలమ్ పక్కన పడేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.