ఎక్కడ నిలబెట్టినా ఆడేవాళ్లు

ఫుట్‌బాల్‌లో ఒకే ఆటగాడు ఒక మ్యాచ్‌లో డిఫెండర్‌గా, మరో మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డర్‌గా, అవసరం పడితే ఫార్వర్డ్‌గా కూడా జట్టు స్థాయి తగ్గకుండా ఆడగలిగితే అతన్ని యుటిలిటీ ప్లేయర్ అంటారు. ఇందులో అసలు షరతు స్థాయి తగ్గకపోవడం. ఖాళీ పూరించడానికి ఎవరినైనా ఎక్కడైనా నిలబెట్టవచ్చు. ప్రత్యర్థి కోచ్ అది పసిగట్టి దాడులన్నీ అటువైపే మళ్లిస్తే ఆ ఏర్పాటు పావుగంట కూడా నిలవదు. అలా మళ్లించే అవకాశం ఇవ్వనివాడికే ఆ పొజిషన్ వచ్చినట్టు లెక్క.

ఆటలో పొజిషన్లు గట్టిగా పాతుకుపోయిన కాలం ఒకటుంది. 19వ శతాబ్దం చివరికల్లా బ్రిటన్‌లో 2-3-5 అమరిక స్థిరపడింది: వెనక ఇద్దరు బ్యాక్‌లు, నడుమ ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు. 1928 ఆగస్టు 25న ఆర్సెనల్, చెల్సీ జట్లు వీపు మీద అంకెలున్న చొక్కాలతో లీగ్ మ్యాచ్‌ల్లో దిగాయి. 1939లో ఇంగ్లిష్ లీగ్ ఆ అంకెలను తప్పనిసరి చేసింది. అంకె ఆటగాడికి కాక స్థానానికి చెందేది. 2, 3 అంటే బ్యాక్‌లు, 9 అంటే సెంటర్ ఫార్వర్డ్. ఒకడికి 2 అంకె దక్కిందంటే అతని పని వెనక నిలబడి దాడిని ఆపడమేనని, ముందుకు పోయి గోల్ కొట్టడం మరొకరి వంతని అందరికీ తెలిసిపోయేది.

ఆ పద్ధతి నడుస్తున్న రోజుల్లోనే దాన్ని ఖాతరు చేయని ఆటగాడు జాన్ చార్ల్స్. వేల్స్‌లోని స్వాన్సీలో పుట్టిన ఈ భారీకాయుడు లీడ్స్ యునైటెడ్‌కు మొదట సెంటర్ హాఫ్‌గా ఆడాడు. తర్వాత అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపితే 1953-54 సీజన్‌లో లీగ్ మ్యాచ్‌ల్లోనే 42 గోల్స్ కొట్టాడు. 1957లో ఇటలీలోని యువెంటస్‌కు వెళ్లి తొలి సీజన్‌లోనే 28 గోల్స్‌తో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. అక్కడ కొన్ని మ్యాచ్‌ల్లో ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి, జట్టు ఆధిక్యంలోకి రాగానే వెనక్కి వచ్చి డిఫెన్స్‌లో నిలబడి ఆ ఆధిక్యాన్ని కాపాడేవాడు. గోల్ కొట్టడంలోనూ గోల్ ఆపడంలోనూ అతనితో సమానంగా నిలిచే మరో పేరు ఫుట్‌బాల్ చరిత్రలో వెతికినా తేలిగ్గా దొరకదు.

ఆ రోజుల్లో ఇలాంటి ఆటగాడు విలాసం కాదు, అవసరం. ఇంగ్లిష్ లీగ్‌లో సబ్‌స్టిట్యూట్‌ను అనుమతించిందే 1965లో. ప్రపంచకప్‌లో ఆ సదుపాయం 1970లో వచ్చింది. అంతకుముందు మ్యాచ్ మధ్యలో ఒకరికి దెబ్బ తగిలితే మిగిలిన పదిమందే సర్దుకోవాలి. సర్దుకోవడమంటే ఎవరో ఒకరు తనది కాని చోట నిలబడటమే.

ఆటగాళ్లను అలా మార్చి ఆడించడంలో భారత ఫుట్‌బాల్ చూసిన అతి పెద్ద సాహసం ఒక హైదరాబాదీ కోచ్ చేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని భారత జట్టు తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌కు మూలస్తంభం అతనే. కుట్లు పడ్డ తలతో వెనక నిలబడి ఎత్తు బంతులను పదేపదే తలతో కొట్టడం ప్రమాదం. అతన్ని పూర్తిగా పక్కన పెడితే నాకౌట్ మ్యాచ్‌ల్లో జట్టు బలం తరిగిపోతుంది. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. దక్షిణ వియత్నాంతో 3-2గా ముగిసిన సెమీఫైనల్లో చునీ గోస్వామి రెండు గోల్స్, జర్నైల్ ఒక గోల్ చేశారు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ తొలి గోల్ కొట్టాడు. కాసేపటికే తలకట్టుతో ఉన్న జర్నైల్ రెండోది కొట్టాడు. 2-1తో స్వర్ణం భారత్‌దైంది.

ఈ మార్పును అదృష్టం అనుకోవడం రహీంకు అన్యాయం. ఏళ్ల తరబడి సెంటర్ ఫార్వర్డ్‌లను కాచుకున్న స్టాపర్‌కు, తనలాంటి స్టాపర్‌ను ఏ పరుగు ఇరకాటంలో పెడుతుందో అందరికంటే బాగా తెలుస్తుంది. పైగా రహీం ఆటగాళ్లను ఒకే మూసకు కట్టిపడేసే కోచ్ కాదు. హైదరాబాద్‌లో ఆయన కుర్రాళ్లకు పెట్టిన పోటీల్లో డ్రిబ్లింగ్ చేయకూడదనేది ఒక షరతు, చేతకాని కాలితోనే బంతి ఆడాలనేది మరొకటి. ఆయన చేతిలో 1950 నుంచి 1954 దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం లెఫ్ట్ వింగ్‌లోనూ ఇన్‌సైడ్‌లోనూ సెంటర్ ఫార్వర్డ్‌గానూ ఒకే తీరుగా రాణించాడంటే, హైదరాబాద్ మైదానాల్లో అలవడిన ఆ క్రమశిక్షణకు అందులో వాటా ఉంది. తెలుగు నేల మీద ఫుట్‌బాల్ గురించి మాట్లాడేటప్పుడు ఈ పేర్లు ఇంత అరుదుగా వినిపించడం బాధ కలిగించే విషయం.

దాదాపు ఆ తరంలోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో కోచ్ రీనస్ మిఖెల్స్ ఈ గుణాన్ని ఒకరిద్దరికి పరిమితం చేయకుండా జట్టు మొత్తానికి నేర్పాడు. ఒకరు తన చోటు వదిలి ముందుకు పోతే పక్కవాడు అక్కడికి రావాలి, అతని చోట్లోకి మరొకరు రావాలి. దీనికే టోటల్ ఫుట్‌బాల్ అని పేరు. 1974 ప్రపంచకప్‌లో మిఖెల్స్ నడిపిన డచ్ జట్టు చొక్కా అంకెలను ఇంటిపేర్ల అక్షర క్రమంలో వేసుకుంది. గోల్‌కీపర్ యాంగ్‌బ్లూడ్‌కు 8 వస్తే, ఫార్వర్డ్ గీల్స్‌కు 1 వచ్చింది. క్రైఫ్ ఒక్కడు తన 14 తాను ఉంచుకున్నాడు. జులై 7న మ్యూనిక్‌లో పశ్చిమ జర్మనీతో ఫైనల్ మొదలవగానే డచ్ ఆటగాళ్లు బంతిని తమలో తాము తిప్పుకున్నారు. సెంటర్ ఫార్వర్డ్‌గా దిగిన క్రైఫ్ గోల్‌కీపర్ మినహా తన జట్టులో అందరికంటే వెనక బంతి అందుకుని, అక్కడి నుంచి పరుగు తీసి పెనాల్టీ ఏరియాలోకి చొరబడ్డాడు. జర్మన్ ఆటగాడు హోనెస్ అడ్డుపడి అతన్ని పడేశాడు. నేస్కెన్స్ పెనాల్టీని గోల్‌గా మలిచాడు. అప్పటిదాకా పశ్చిమ జర్మనీ ఆటగాడెవరూ బంతిని తాకనే లేదు. మ్యాచ్ చివరకు 2-1తో పశ్చిమ జర్మనీదే అయింది. ఆట ఆలోచనను మార్చింది మాత్రం ఓడిన జట్టే.

ఒక చోటి నుంచి మరో చోటికి మారితే ఆటగాడికి నిజంగా ఏం మారుతుంది? ముందుగా చూపు. ఫుల్‌బ్యాక్‌కు ఒక పక్కన టచ్‌లైన్ ఉంటుంది, అటు నుంచి ఎవరూ మీదికి రారు. మైదానమంతా అతనికి ఒకే వైపు పరుచుకుని కనిపిస్తుంది. అతన్నే తెచ్చి మిడ్‌ఫీల్డ్ నడుమ పెడితే ముప్పు నాలుగు దిక్కుల నుంచీ వస్తుంది. బంతి కాళ్ల దగ్గరికి చేరే ముందే భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూసి, ఎటు తిరగాలో తేల్చుకుని ఉండాలి. బంతి వచ్చాక తల తిప్పేవాడు అప్పటికే ఆలస్యమైనట్టు. రెండోది కాలు. కుడికాలి వాటం ఆటగాడు ఎడమ అంచున ఆడితే అతని తొలి స్పర్శే బంతిని లోపలికి లాగుతుంది. అంచు వెంట పోయి క్రాస్ వేయాలంటే మాత్రం ఆగి బంతిని కుడికాలికి మార్చుకోవాలి, ఈలోగా డిఫెండర్ వచ్చేస్తాడు. మూడోది పరుగు. ఫుల్‌బ్యాక్‌వి పొడవాటి పరుగులు, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. మిడ్‌ఫీల్డర్‌వి పొట్టి పరుగులు, వాటికి ఎడతెరిపి ఉండదు. ఇక పొరపాటు ఖరీదు ఉండనే ఉంది. ముందు వరుసలో బంతి పోగొట్టుకుంటే ఒక అవకాశం పోతుంది. వెనక వరుసలో పోగొట్టుకుంటే మ్యాచే పోవచ్చు.

ఈ నాలుగు మార్పులనూ ఇట్టే జీర్ణించుకున్నవాడు జర్మనీ ఆటగాడు ఫిలిప్ లామ్. సహజంగా కుడికాలి వాటం రైట్‌బ్యాక్. అరువు మీద స్టుట్‌గార్ట్‌కు వెళ్లినప్పుడు కుడివైపు ఖాళీ లేక లెఫ్ట్‌బ్యాక్ అయ్యాడు. 2006 ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో కోస్టారికాపై ఆ టోర్నీ మొట్టమొదటి గోల్ అతనిదే. ఎడమ అంచు నుంచి లోపలికి తిరిగి కుడికాలితో దూరపు పోస్టు పై మూలకు కొట్టాడు. తనది కాని వైపు ఆడటంలోని ఇబ్బందినే ఆయుధంగా మార్చుకున్న షాట్ అది. 2013లో బేయర్న్ మ్యూనిక్ కోచ్‌గా వచ్చిన గార్డియోలా అతన్ని మిడ్‌ఫీల్డ్‌లోకి తెచ్చాడు.

2014 ప్రపంచకప్‌ను జర్మనీ కెప్టెన్ లామ్ మిడ్‌ఫీల్డర్‌గానే మొదలుపెట్టాడు. ప్రీక్వార్టర్ ఫైనల్లో అల్జీరియాపై జర్మనీ తడబడుతున్న సమయంలో రైట్‌బ్యాక్ ముస్తాఫీ గాయపడ్డాడు. మిడ్‌ఫీల్డర్ ఖెదీరా మైదానంలోకి రాగా, లామ్ కుడి అంచుకు జరిగాడు. క్వార్టర్ ఫైనల్ నుంచి చివరిదాకా అక్కడే ఉన్నాడు. సెమీఫైనల్లో బ్రెజిల్‌పై 7-1 గెలుపులో క్రూస్ తొలి గోల్‌కూ షుర్లె తొలి గోల్‌కూ బంతి అందించింది ఆ కుడివైపు నుంచి లామే. ఒక టోర్నీ మధ్యలో కెప్టెన్ తన చోటు మార్చుకోవడం, దాంతో జట్టు మొత్తం కుదురుకోవడం అరుదు. ఆ మార్పు జరగకపోతే కప్ చేజారేదని రూఢిగా చెప్పలేం గాని, జర్మనీ ఆట కుదుటపడింది దాని తర్వాతే.

ఇప్పుడు ఈ మార్పిడి మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ నడుమే కాక క్షణక్షణానికీ జరుగుతోంది. 2023 జూన్ 10న ఇస్తాంబుల్‌లో ఇంటర్ మిలాన్‌తో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ డిఫెండర్ జాన్ స్టోన్స్ బంతి తమ దగ్గర ఉన్నంతసేపూ మిడ్‌ఫీల్డ్‌లో తిరిగాడు, బంతి పోగానే వెనక వరుసలో చేరాడు. అతను డిఫెండరా, మిడ్‌ఫీల్డరా అన్న ప్రశ్నకు ఆ రోజు ఒక్క జవాబు లేదు.

ఎంత నేర్పున్నవాడికైనా గోల్‌కీపర్ చోటు వేరు. అది వేరే చేతులు, వేరే శిక్షణ కోరుతుంది. మెక్సికోకు చెందిన హోర్హె కాంపోస్‌లా గోల్‌కీపింగ్, ఫార్వర్డ్ ఆట రెండూ వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 2007 ఫిబ్రవరిలో టోటెన్‌హామ్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ ముక్కు చిట్లింది. సబ్‌స్టిట్యూట్‌లు అప్పటికే అయిపోయారు. డిఫెండర్ జాన్ ఓషే గ్లవ్స్ వేసుకున్నాడు. ఐర్లాండ్ జట్టులో తన సహచరుడైన రాబీ కీన్ దూసుకొస్తే అడ్డుపడి గోల్ కానివ్వలేదు. యునైటెడ్ 4-0తో గెలిచింది.

ఇంత పనికొచ్చే ఆటగాళ్లకు గుర్తింపు మాత్రం తక్కువే దక్కుతుంది. క్రికెట్‌లో ఆల్‌రౌండర్‌కు పరుగులూ వికెట్లూ రెండు పద్దుల్లో కనిపిస్తాయి. ఫుట్‌బాల్‌లో ఎన్ని చోట్ల ఆడినా దాన్ని రాసే పద్దు లేదు. పైగా ఎక్కడైనా ఆడతాడన్న పేరు పడితే తనకిష్టమైన చోట ఆడే అవకాశమే తగ్గిపోతుంది. క్రిస్టల్ డన్ కథ దీనికి నిదర్శనం. 2015లో అమెరికా మహిళల లీగ్‌లో 15 గోల్స్ కొట్టి అత్యుత్తమ క్రీడాకారిణి అయిన ఫార్వర్డ్ ఆమె. జాతీయ జట్టు మాత్రం ఆమెను లెఫ్ట్‌బ్యాక్‌గా నిలబెట్టింది. 2019 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆమె చోటు అదే. క్లబ్‌లో దాడి చేస్తూ, దేశానికి వచ్చేసరికి డిఫెన్స్ చేస్తూ నడిచిన ఆ రెండు రకాల జీవితం తనను ఎంత నలిపిందో ఆమే బాహాటంగా చెప్పుకుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు కోచ్ ఎమ్మా హేస్ ప్రకటించిన జాబితాలో డన్ పేరు ఫార్వర్డ్‌ల వరుసలో ఉంది. ఒలింపిక్ జట్టులో చోటు 18 మందికే, అందులో గోల్‌కీపర్లు పోగా మిగిలేవాళ్లు ఒక్కొక్కరూ రెండు పనులకు సిద్ధంగా ఉండాల్సిందే. ఆగస్టు 10న బ్రెజిల్‌ను 1-0తో ఓడించి అమెరికా స్వర్ణం గెలిచిన ఫైనల్లో డన్ మళ్లీ లెఫ్ట్‌బ్యాక్‌గానే దిగింది.