సంతకం లేని ఒప్పందం

గ్రీకు తత్త్వశాస్త్రం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి నేను ప్లేటో 'క్రీటో' పేరే చెబుతాను. చిన్న సంభాషణ. ఒక సాయంత్రం చాలు.

క్రీ.పూ. 399. డెబ్బై ఏళ్ల సోక్రటీసుకు ఏథెన్సు న్యాయస్థానం మరణశిక్ష వేసింది. డీలోసుకు వెళ్లిన పవిత్ర నౌక తిరిగివచ్చేదాకా అమలు చేయరాదు. నౌక వస్తోందని తెలిసి, పాత మిత్రుడు క్రీటో తెల్లవారకముందే జైలుకు వస్తాడు. డబ్బు సిద్ధం, థెస్సలీలో ఆశ్రయం సిద్ధం. నువ్వు పారిపోకపోతే నేను డబ్బుకు వెనుకాడానని లోకం అనుకుంటుంది, నీ పిల్లల గతేమిటి అంటాడు. పాపం, మనమైనా అదే అంటాం.

సోక్రటీసు తొణకడు. కసరత్తు చేసేవాడు గురువు మాట వింటాడు గాని దారినపోయేవారి మాట వినడు గదా! బతకడం కాదు, బాగా బతకడం ముఖ్యం. అన్యాయానికి బదులుగానైనా అన్యాయం చేయరాదు. ఇంతవరకూ వాదం గట్టిది.

ఆ పైన ఏథెన్సు చట్టాలే వచ్చి మాట్లాడినట్టు ఊహిస్తాడు. నచ్చకపోతే ఆస్తితో సహా వెళ్లిపోవచ్చు. యుద్ధాలకు తప్ప ఊరు దాటని నువ్వు మాకు లోబడతానని ఒప్పుకున్నట్టే అంటాయవి.

ఏళ్ల తరబడి ఋణపత్రాలు చూసినవాణ్ణి, నాకిక్కడ కలం ఆగింది. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం నడతతో తెలిపిన సమ్మతినీ గుర్తిస్తుంది. కాని అది స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలంటుంది. ఊరు విడిచే వీలే లేని ఏథెన్సు బానిస దేనికి సమ్మతించినట్టు? మా తాతగారు తమిళదేశంలో స్థిరపడ్డారు, నేనిక్కడే పుట్టాను. మా పేట బడిలో తెలుగు తరగతి ఎత్తేసిననాడు మేము మూటాముల్లె సర్దుకోలేదు. అంటే ఒప్పుకున్నట్టేనా? మహజరు ఇచ్చాం. న్యాయం చెప్పాలంటే, ఒప్పించు లేదా లోబడు అని ఆ చట్టాలూ ఒక తలుపు తెరిచే ఉంచాయి.

అసలు సోక్రటీసు ప్రతి ఆజ్ఞకూ లోబడే మనిషి కాడు. క్రీ.పూ. 404–403లో ఏలిన ముప్పైమంది నియంతలు, సలామిసు వాసి లియోనును పట్టి తెమ్మని ఆయననూ మరి నలుగురినీ ఆజ్ఞాపించారు. నలుగురూ వెళ్లారు, ఈయన ఇంటికి పోయాడు. తత్త్వచింతన మానితే వదిలేస్తామన్నా మాననని తన విచారణలోనే చెప్పాడు. ఈ మనిషిని జైల్లో నిలిపింది ఒప్పందమని నేను నమ్మలేను. అన్యాయం పడతాడు, చేయడు. లియోను విషయంలోనూ, జైల్లోనూ అదే లెక్క.

చివరికి క్రీటో తనకు చెప్పేదేమీ లేదంటాడు. అంత త్వరగా ఒప్పుకోకుండా ఇంకొక్క ప్రశ్న వేసి ఉండాల్సింది.