తొడ వెనుక చర్మనాడి

నరసన్నపేట పొలాల్లో గట్టు మీద కూర్చున్న రైతుకు మట్టి చెమ్మ, రాయి మొన, పాకే చీమ చూడకుండానే తెలుస్తాయి. ఆ కబురు మోసే వాటిలో ముఖ్యమైనది తొడ వెనుక చర్మనాడి. కాలిని కదిలించే ఏ కండరంతోనూ దానికి పని లేదు. చర్మానికి తెలిసినదాన్ని వెన్నుపాముకు చేర్చడమే దాని వృత్తి.

త్రికాస్థి దగ్గరి మొదటి మూడు నాడుల పోగులు కలిసి ఈ నాడి అవుతుంది. పైరిఫార్మిస్ కండరం కింది అంచున, సయాటిక్ నాడి పక్కనే కటి నుంచి బయటపడి, పిరుదు పెద్ద కండరం చాటున దిగుతుంది. ఆ కండరం కింది అంచు దగ్గర కొన్ని కొమ్మలు వెనక్కి మళ్ళి పిరుదు కింది చర్మానికి ఎక్కుతాయి. ఇంకో కొమ్మ తొడ లోపలివైపు తిరిగి జననాంగాల దగ్గరి చర్మానికి పోతుంది.

అసలు పనితనం ఆ తర్వాత ఉంది. చర్మనాడులు చాలావరకు కండరాలను చుట్టిన గట్టి పొరను త్వరగా చీల్చుకుని చర్మం కిందికి వస్తాయి. ఇది మాత్రం తొడ పొడవునా ఆ పొర కిందే సాగుతుంది. అందుకే శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థి శరీర విచ్ఛేదనలో దీన్ని చర్మం కింది కొవ్వులో వెతికితే నాడి కాడ దొరకదు, సన్నని కొమ్మలే దొరుకుతాయి. పొరను జాగ్రత్తగా విప్పితే బైసెప్స్ కండరం మీద కాడ కనిపిస్తుంది. కాడను పొర చాటున ఉంచి, కొమ్మలను మాత్రమే పైకి పంపే ఏర్పాటు ఇది. మోకాలి వెనుక గుంట దగ్గరే కాడ పొరను దాటి, చిన్న సఫీనస్ సిర వెంట పిక్క సగం వరకు పోతుంది.

వంశధార కాలువలో నీరు పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలకు, అక్కణ్ణుంచి మడికి పారుతుంది. ఈ నాడిలో పారకం తిరగబడింది. కబురు మడిలో పుట్టి పెద్ద కాలువకు ఎక్కుతుంది. స్పర్శ మోసే మందపు పోగుల్లో అది సెకనుకు 35 నుంచి 75 మీటర్లు పరుగెడుతుంది. మైలిన్ తొడుగు లేని సన్న పోగుల్లో సెకనుకు 2 మీటర్లు కూడా దాటదు. అందుకే ముల్లు గుచ్చుకుంటే ముందు తగిలినట్టు తెలుస్తుంది, సలుపు తర్వాత వస్తుంది.

పిరుదుకు సూది వేయాల్సి వస్తే నర్సు పై బయటి పావు భాగాన్నే ఎంచుకుంటుంది. సయాటిక్ నాడి, దాని పక్కనే దిగే ఈ నాడి, రెండూ అప్పుడు సూదికి దూరంగా ఉంటాయి. నాడుల దారి తెలిసినవాళ్ళు ఏర్పరిచిన జాగ్రత్త అది.