ఎక్కలేనివారి కొండ: యాత్రారచనలో మెట్టు, డోలీ, విరామం

తెలుగు యాత్రాసాహిత్య విమర్శలో యాత్రికుని చూపుకు దక్కినంత చోటు అతని మోకాళ్ళకు దక్కలేదు. అతడు ఏమి చూశాడు, ఏ భాషలో చెప్పాడు, నాటి సమాజాన్ని ఎంతవరకు నమోదు చేశాడు అన్నవి మనం అడిగే ప్రశ్నలు. అతడు పైకి ఎలా చేరాడు, ఎవరి భుజాల మీద చేరాడు, వెంట వచ్చిన వృద్ధులు, రోగులు ఎక్కడ ఆగిపోయారు అన్న ప్రశ్నలు వెనకబడిపోయాయి. నిటారు కొండ మీద పాత కట్టడం ఉన్న చోట వీటిని తప్పించుకోవడానికి వీల్లేదు. ఆరోగ్యం సరిగా లేని పెద్దవారిని వెంటబెట్టుకొని అలాంటి చోటికి పోయే వ్యక్తి ఆ స్థలాన్ని చూసే తీరు ఒంటరి యాత్రికుని తీరు కాదు. ఈ భేదాన్ని గుర్తించడానికి మనకున్న మంచి ఆధారం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. వెంట దాదాపు నూరుమంది పరివారం. రచన ఆయన మరణానంతరం 1838లో అచ్చయింది. దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వంలో 1941లో వెలువడిన ప్రతి తరువాతి పరిశోధనకు పునాది అయింది. అప్పటినుంచి ఈ గ్రంథాన్ని ప్రధానంగా సాంఘిక చరిత్రకు ఆకరంగానే చదువుతున్నాం. ఆ పఠనంతో నాకు పేచీ లేదు. అయితే ప్రతి మజిలీలోనూ నీళ్ళున్నాయా, దుకాణాలున్నాయా, దిగడానికి వసతి ఉందా, దారి ఇసుకా, రాయా, అడవా అని ఆయన అంత ఓపికగా ఎందుకు రాశాడన్నది ఆలోచించాలి. అది కేవలం సమాచారప్రియత్వం కాదని నా అభిప్రాయం. నడవగలిగినవారిని, నడవలేనివారిని ఒకే గుంపుగా నడిపించే బాధ్యత ఉన్నవాని గద్యం అది. వేగంగా పోయే యాత్రికునికి నీటి చెలమ దృశ్యంలో ఒక భాగం. నెమ్మదిగా పోయేవారిని వెంట తీసుకుపోయే యాత్రికునికి అది లెక్క.

శ్రీశైల ఘట్టంలో ఈ లక్షణం మరింత స్పష్టపడుతుంది. ఆత్మకూరు వైపునుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా సాగే ఆ అడవిదారి ఇప్పటికీ శివరాత్రి భక్తులకు పరిచితమే. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్ళీ నిలువుగా ఎక్కాలి. ఇటువంటి చోట వీరాస్వామయ్య కొండను జయించిన ధోరణిలో రాయడు. డోలీ, మనుష్యులు, సుంకం, మజిలీ అనే మాటలతో కొండను ఒక ఏర్పాటుగా మార్చి చెబుతాడు. యాత్రికులనుంచి కందనూరు నవాబు రాబట్టే సుంకం మీద ఆయన విసుగు కూడా ఈ కోణంనుంచే అర్థం చేసుకోవాలి. వసూలైన సొమ్ముకు తగిన సదుపాయం దారిలో లేకపోతే ఆ లోటు మొదట తగిలేది బలహీనులకే.

వీరాస్వామయ్యకు చాలా ముందే శ్రీశైల సంప్రదాయం ఈ సమస్యను ఎరుగును. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం కొండకు పోయే జనసమూహాన్ని వర్ణిస్తుంది. అక్కడ శరీరకష్టం భక్తికి కొలమానం. పొర్లుతూ పోయేవాడు నడిచేవానికంటె గొప్పవాడు. దీనికి భిన్నమైన చింతన రెడ్డిరాజుల కాలంలో కనిపిస్తుంది. శ్రీశైలాహోబలాలకు సోపానాలు కట్టించిన కీర్తి ప్రోలయ వేమారెడ్డిది. కష్టాన్ని పుణ్యంగా భావించే చోట దానిని తగ్గించడం కూడా పుణ్యమే అని ఆ మెట్లు చెబుతున్నాయి. సంప్రదాయం ఇంకో వెసులుబాటును కూడా ఇచ్చింది. శిఖరదర్శనమే చాలునన్న విశ్వాసం అది. త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం శ్రీశైలానికి ద్వారాలుగా ప్రసిద్ధం. అంటే క్షేత్రానికి అంచెలున్నాయి. ఎవరు ఏ అంచె దాకా వచ్చినా వారు ఎంతో కొంత చేరినట్టే.

శిథిలానికి ఈ అంచెలు లేవు. రావల్కోల్ మా ఊరు. అదే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని కీసరగుట్టకు పరిశోధన పని మీద పోయినప్పుడు మా నాయనమ్మను వెంట తీసుకుపోయాను. ఆమెకు ఆయాసం, మోకాళ్ళ నొప్పి. గుడి దాకా వాహనం పోతుంది. విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాల కోసం ఎగుడుదిగుడు రాతిమీద నడవాలి. "నువ్వు పోయి ఆ ఇటుకలు చూసి రా బిడ్డా, నేనీడనే కూసుంట" అన్నది. గుట్టమీద చెల్లాచెదరుగా ఉన్న శివలింగాల నడుమ ఆమె కూర్చుంది. నేను చూడబోయినది శిథిలం. ఆమె దృష్టిలో ఆ గుట్టలో శిథిలమైనదేదీ లేదు. రామలింగేశ్వరుడు ఉన్నాడు, కాబట్టి చోటు నిండుగానే ఉంది. పైకి పోలేదన్న కొరత ఆమెకు లేకపోవడాన్ని వృద్ధాప్యపు సర్దుబాటుగా కొట్టివేయడం తేలిక. పైన చెప్పిన అంచెల భావన ఆమె మాటలో బతికి ఉందని నేను చదువుతున్నాను.

గోల్కొండలో ఈ రెండు చూపులు ఒకే మెట్ల మీద ఎదురుపడతాయి. దాదాపు 120 మీటర్ల ఎత్తు గల ఆ గుట్టకు సందర్శకులు బాలాహిస్సారు కోసం ఎక్కుతారు. ఆషాఢంలో జగదాంబ మహాంకాళికి బోనం తెచ్చే స్త్రీలూ ఎక్కుతారు. వారిలో వయసు మళ్ళినవారు తక్కువేమీ కాదు. సందర్శకుని రచనలో గోల్కొండ దాదాపు ఎప్పుడూ శిఖరంనుంచి కనిపించే నగరదృశ్యంతో ముగుస్తుంది. మెట్టుమెట్టుకూ ఆగి, గోడకు చేయి ఆనించి ఊపిరి తీసుకొన్న మనిషి చూసిన గోల్కొండ వేరు. ఆ గోడ రాయి నునుపు, ఏ మలుపులో నీడ ఉందన్న సంగతి, దిగేటప్పుడు ఏ మెట్టు ఎత్తు ఎక్కువన్న భయం ఆ రచనల్లోకి రాలేదు. దీనిని వస్తుదారిద్ర్యంగా కాక దృక్కోణలోపంగా చూడాలి. చేరడమే చూడడం అని ఆ రచయితలు ముందే నిశ్చయించుకొన్నారు.

అయితే వీరాస్వామయ్యను ఈ విషయంలో పూర్తిగా ఆదర్శంగా నిలబెట్టలేం. మోసిన బోయీలు ఆయన గ్రంథంలో ఎక్కువగా ఒక సమూహంగానే మిగిలిపోయారు. వారి భుజాల నొప్పి యాత్రలో భాగమయ్యే అవకాశం ఆ కాలపు గద్యానికి అంతగా లేదు. బలహీనుని పక్షాన నిలిచే పఠనం అతన్ని ఎత్తుకొన్నవాని దగ్గర ఆగిపోతే అది సగం పఠనమే. కీసరగుట్టలోనే ఒక బండమీద "తొలుచువాండ్రు" అని చదువుతున్న లఘుశాసనం ఉంది. తెలంగాణలో దొరికిన అతి ప్రాచీన తెలుగు శాసనాలలో దానిని లెక్కిస్తున్నారు. రాజు పేరు కాదు, దేవుని పేరు కాదు, రాయి తొలిచినవారి వృత్తినామం. అటువంటి ఒక్క మాట కాశీయాత్రలోని డోలీ మోసినవారికి దక్కలేదు.

వీరాస్వామయ్య హైదరాబాదు దాటి నాగపూరు వైపు సాగిన ఉత్తరపు బాట మేడ్చల్ మీదుగా పోతుంది. ఆ మజిలీలను ఆయన రాసిన క్రమంలోనే, ఆగిన చోట్లనూ ఆగడానికి కారణాలనూ గుర్తిస్తూ తిరిగి చదివితే, ఆ నూరుమందిలో ఎవరి నడక ఆనాటి ప్రయాణపు వేగాన్ని నిర్ణయించిందో కొంతవరకు తేల్చవచ్చు. పర్వత ప్రకరణంలోని జనసమూహానికీ ఇదే ప్రశ్న వేయాలి. భీముని కొలను మెట్లు రెండు గ్రంథాల దారులకూ దగ్గరగా ఉన్నాయి కనుక పని అక్కడ మొదలుపెట్టడం మేలు.