తలకోన పులి, తాతయ్యగుంట గంగమ్మ

తిరుపతి కుర్రాళ్ళ మధ్య సైకో సినిమాల మాట వస్తే ఒక పట్టాన తెగదు. సెకండ్ షో వదిలాక టీ బంకు దగ్గర నిలబడ్డ గుంపులో ఒకడు ‘రాక్షసుడు’ అంటాడు. ఇంకొకడు ‘అనసూయ’ అంటాడు. ఇంగ్లీషు సినిమాలన్నీ నమిలేసినవాడు ‘హాలోవీన్’ ముందు మిగతావన్నీ దిగదుడుపేనని తీర్పు చెప్పేస్తాడు. అప్పటిదాకా నోరు మెదపని పెద్దాయన ఎవరో గ్లాసు కింద పెట్టి, “అన్వేషణ చూసినార్రా మీరు?” అంటాడు. అసలు గొడవ అక్కడ మొదలవుతుంది. “ఏంనా, రక్తం లేదు, పైగా పాటలు. అది కూడా సైకో సినిమానేనా?” అని నలుగురూ ఆయన మీద పడతారు.

నా ఓటు ఆ పెద్దాయనకే. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ రకం సినిమా ఎలా భయపెడుతుందో చూడాలి.

స్లాషర్ అని పిలిచే ఈ కథకి సరంజామా చాలా తక్కువ. జనానికి దూరంగా ఒక చోటు, అక్కడ చిక్కుకున్న కొద్దిమంది, మొహం తెలియని హంతకుడు, వాడి చేతిలో కత్తో గొడ్డలో. తుపాకీ పనికిరాదు. తుపాకీతో దూరం నుంచే పని కానిచ్చేయొచ్చు. ఇక్కడ హంతకుడు మనిషి దగ్గరికి రావాలి. ఆ రావడమే సినిమా. చావు ఒక్క క్షణంలో అయిపోతుంది, రాకడ మాత్రం పది నిమిషాలు సాగుతుంది. ఆ పది నిమిషాలూ ప్రేక్షకుణ్ణి కుర్చీలో కూచోబెట్టడంలోనే దర్శకుడి పనితనమంతా ఉంటుంది.

1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’లో స్నానాల గది హత్య గురించి వినని సినిమా పిచ్చోళ్ళు ఉండరు. అందులో రక్తంగా కనిపించేది చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమా కాబట్టి చెల్లిపోయింది. ఆ సినిమాకి సంగీతం కట్టిన బెర్నార్డ్ హెర్మన్ తంత్రీ వాద్యాలు తప్ప మరొకటి వాడలేదు. 1978లో జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ని సుమారు 3 లక్షల డాలర్లతో, అంటే హాలీవుడ్ లెక్కలో చిల్లర డబ్బులతో తీశాడు. హంతకుడి ముసుగు కోసం ప్రత్యేకంగా ఏదీ చేయించలేదు. ‘స్టార్ ట్రెక్’లో కెప్టెన్ కర్క్ పోలికతో బజారులో అమ్మే రబ్బరు ముసుగు కొని, తెల్లరంగు పూసి, కంటి కంతలు పెద్దవి చేశారు. అంతే. సంగీతం కార్పెంటరే కట్టుకున్నాడు. పియానో మీద అయిదు దెబ్బల నడక, మన తాళాల భాషలో ఖండం. నాలుగు దెబ్బలకు అలవాటుపడ్డ చెవికి ఆ అయిదోది ఎక్కడో కాలు జారినట్టుంటుంది. సినిమా మొదట్లో కెమెరాయే హంతకుడి కళ్ళు. వాడు చూసేదే మనమూ చూస్తూ ఇంట్లోకి నడుస్తాం. ఇంతకీ ఆ సినిమాలో రక్తం ఎంతుందో లెక్క తీస్తే అరచేతిలో పట్టదనుకున్నది పట్టేస్తుంది. రక్తం లేదు కాబట్టి ‘అన్వేషణ’ సైకో సినిమా కాదనే కుర్రాళ్ళు తాము దేవుడనుకునే ‘హాలోవీన్’నే మరోసారి చూసుకోవాలి.

ఇక తలకోనకు వద్దాం. తిరుపతి నుంచి భాకరాపేట ఘాటు మీదుగా పోతే శేషాచలం కొండల మధ్య వచ్చే అడవి అది. 270 అడుగుల జలపాతం, సిద్ధేశ్వరస్వామి గుడి, చెట్టు నుంచి చెట్టుకు పాకిన లావుపాటి తీగలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది గానీ, ‘అన్వేషణ’ తీసిన రోజుల్లో చిత్తూరు జిల్లాయే. ‘మంచుపల్లకి’, ‘సితార’ తీసిన వంశీకి 1985లో వచ్చిన ఈ సినిమా మూడోది. కార్తీక్, భానుప్రియ, శరత్‌బాబు, కైకాల సత్యనారాయణ, రాళ్ళపల్లి నటులు. ఎం.వి. రఘు కెమెరా, ఇళయరాజా సంగీతం.

కథ మొదలు మాత్రమే చెబుతాను, చివర చెప్పను. హేమ అనే అమ్మాయి పక్షుల కూతల్లో స్వరాలు వెతకడానికి అడవికి వస్తుంది. అక్కడ ఒక మనిషి చచ్చిపడి ఉంటాడు. పులి చంపిందంటారు. అందరూ నమ్ముతారు.

ఆ పులి దగ్గర కాస్త ఆగాలి. హాలీవుడ్ హంతకుడికి రబ్బరు ముసుగు కావాలి, హాకీ ముసుగు కావాలి. ‘అన్వేషణ’ హంతకుడికి ముసుగుతో పనిలేదు. ఊరి నోట్లో ఉన్న పులే వాడి ముసుగు. చంపింది మృగమని అందరూ అనుకుంటున్నంత కాలం వాడు మొహం దాచుకోకుండా అందరి మధ్యా తిరగొచ్చు, పలకరించొచ్చు, పక్కన కూచుని భోంచెయ్యొచ్చు. ప్రతి మొహాన్నీ అనుమానంగా చూసే పని మనకు పడుతుంది. ఇంత పొదుపైన ఏర్పాటు ఆ కాలపు ఇంగ్లీషు స్లాషర్లలో నాకు కనపడలేదు. ఇది ఎక్కడబడితే అక్కడ పండదు కూడా. మృగం నిజంగా వచ్చే చోటే పండుతుంది. 2023లో చిరుత భయంతో అలిపిరి మెట్ల దారిన నడిచే భక్తుల చేతికి దేవస్థానంవాళ్ళు కర్రలిచ్చారు. ఈ కొండల కింద పుట్టినవాడికి పొదలో ఆకు కదిలితే అది సినిమా భయం కాదు.

రెండో ఎత్తు చెవి మీద వేసింది. నాయిక పనే వినడం. ఏ కొమ్మ మీద ఏ పిట్ట ఏ స్వరం పలికిందని ఆమె చెవి రిక్కిస్తే ప్రేక్షకుడూ తెలియకుండానే చెవి రిక్కిస్తాడు. అలా తెరిపించిన చెవిలోకే తర్వాత భయాన్ని పంపారు. పిట్టల సందడి నడుమ ఉన్నట్టుండి ఒక నిశ్శబ్దం వచ్చిందంటే, అడవి అలవాటున్నవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, దగ్గర్లో ఏదో ఉందని తెలుస్తుంది. పాటలున్నాయని వెక్కిరించేవాళ్ళకి ఇదే నా జవాబు. ఈ కథకి పాటలు అతికించినవి కావు, సంగీతమే కథలో పని. వంక పెట్టాలంటే వేరేచోట పెట్టొచ్చు. నవ్వుల కోసం పెట్టిన ముక్కలు ఇవాళ చూస్తే సాగదీసినట్టుంటాయి. అయినా మొదటి గంటలో ఆ అడవి పట్టు అలాంటిది, చాలా లోపాలు కడుక్కుపోతాయి.

ఇంకో తమాషా ఉంది. శేషాచలం ఎర్రచందనం కథ అని దేశమంతా చూసిన ‘పుష్ప’లో అడవిగా కనిపించేది చాలావరకు గోదావరి వైపు మారేడుమిల్లి. నలభై ఏళ్ళ నాటి వంశీ సినిమాలోది మాత్రం అచ్చంగా మన అడవి.

పోటీకి నిలిచే మిగతావాటిని త్వరగా చూసేద్దాం. భారతీరాజా ‘ఎర్ర గులాబీలు’ తమిళంలో 1978 నాటిది. కమల్ హాసన్ అందమైన మొహం వెనకాల హంతకుణ్ణి పెట్టడం అప్పట్లో పెద్ద సాహసం. అక్కడా సంగీతం ఇళయరాజాదే. రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ని (1992) చాలామంది ఈ జాబితాలో కలిపేస్తారు గానీ అది దెయ్యం కథ, పంక్తి వేరు. ఆయనే హిందీలో తీసిన ‘కౌన్’ (1999) మాత్రం ఇక్కడికే చెందుతుంది. ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, బయట వాన. రవిబాబు ‘అనసూయ’ (2007) తెలుగులో ఈ బాణీని సూటిగా పట్టుకున్న సినిమా. శవం దగ్గర గులాబీ వదిలే హంతకుణ్ణి మనవాళ్ళు మరిచిపోలేదు. తమిళ ‘రాట్ససన్’కి రీమేక్ ‘రాక్షసుడు’ (2019) బిగువైనది, ఆ బొమ్మల ముక్కలు నిద్ర పట్టనివ్వవు. కానీ అందులో ఆడపిల్లలకు చావడం తప్ప వేరే పని లేదు.

ఈ రకం సినిమాలన్నిటి మీదా నా అసలు ఫిర్యాదు అదే. కరోల్ క్లోవర్ అనే అమెరికన్ పండితురాలు 1992లో ఒక పుస్తకం రాస్తూ స్లాషర్లలో ఒక సంగతి పట్టుకుంది. అందరూ చచ్చాక చివరికి మిగిలేది ఒక అమ్మాయి. పరుగెత్తి పరుగెత్తి, దాక్కుని, ఆఖరికి ఎదురు తిరిగేది ఆమే. మన సినిమాల్లో ఆ ఆఖరి తిరుగుబాటుని హీరోకో పోలీసుకో అప్పజెప్పేస్తారు. ‘అన్వేషణ’లో హేమ కనీసం తనూ వెతుకుతుంది. అక్కడా పక్కన మగ తోడు ఉండనే ఉన్నాడు.

ఆశ్చర్యమేమిటంటే, తిరుపతి ఊరి కథలో ఈ తిరుగుబాటు ఎప్పుడో జరిగిపోయింది. ఏటా వేసవిలో, సాధారణంగా మే నెలలో, తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళకి ఆ కథ చెప్పనక్కర్లేదు. అవిలాలలో కైకాల కులస్థుల ఇంట పెరిగిన పిల్ల గంగమ్మ. కంటికి ఆనిన ఆడపిల్లనల్లా చెరిచే పాలెగాడు ఒకనాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అమ్మవారి ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. ఇక వేట మొదలు. దాక్కున్నది మగవాడు, వేషం మార్చి వీధి వీధీ గాలిస్తున్నది ఆడది. హాలీవుడ్‌లో ముసుగు హంతకుడిది, పరుగు అమ్మాయిది. ఇక్కడ ముసుగు అమ్మాయిది, పరుగు వాడిది.

ఆ వేషాల పనితనం దగ్గర్నుంచి చూడదగ్గది. చాటింపు అయిన మర్నాటి నుంచి రోజుకొక రూపం. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి పూత. బండ వేషానికి కుంకుమ ఎరుపు. ఆ రోజు ఎదుటివాణ్ణి బూతులు తిట్టినా తప్పు పట్టరు. తోటి వేషానికి బొగ్గు నలుపు, వేపమండలు. మూడు రంగులు మారేసరికి రోజూ చూసే పక్కింటి పిల్లవాడు ఎవడో గుర్తు తెలియదు. పలకల మోత సందులోంచి ముందు వినపడుతుంది, మనిషి తర్వాత కనపడతాడు. శబ్దం ముందు, రూపం తర్వాత. కార్పెంటర్ పియానోతో చేసిందీ ఈ పనే.

నాలుగోది దొర వేషం, గంధం పూత. కథకి కీలకం ఇదే. తనకన్నా పెద్ద దొర ఎవరో వచ్చాడనుకుని, ఇక భయం లేదని పాలెగాడు బయటికొస్తాడు. తల తెగుతుంది. మూడు రోజుల ఉగ్రరూపాలకు బయటపడనివాడు మర్యాదస్థుడి వేషానికి పడిపోయాడు. ఈ మలుపు రాసినవాడెవడో గానీ, ఏ స్క్రీన్‌ప్లే పాఠం చదువుకోలేదు. కథ ఇక్కడితో ఆగదు కూడా. మర్నాడు మాతంగి వేషంలో అమ్మవారు పాలెగాడి భార్యను ఓదారుస్తుంది. చచ్చినవాడి ఇంటికి వెళ్ళి ఏడ్చేవాళ్ళ కన్నీళ్ళు తుడిచిన స్లాషర్ ప్రపంచంలో ఎక్కడుంది? తర్వాత సున్నపు కుండలు, ఆపైన జాతర, చివరి తెల్లవారుజామున గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం. ఆ మట్టి చెంప నరికాక రాలిన మట్టి కోసం జనం ఎగబడతారు.

చావు ఎప్పుడొస్తుందో తెలిసి కూడా ఎదురుచూడటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆఖర్న మైదానంలో పడుకోబెట్టిన పెద్ద మట్టి దుర్యోధనుడి చుట్టూ భీముడి వేషగాడు తిరుగుతాడు. తొడ పగులుతుందని చంటిపిల్లకు కూడా తెలుసు. అయినా ఎండలో కదలరు. ఏ ఊరి భీముడు గొప్ప, ఏ ఊరి దుర్యోధనుడు గొప్ప అని మళ్ళీ ఏడాదిదాకా కొట్టుకుంటారు. సినిమా అభిమానుల తగువుకి అది తాత వరస.

2024 డిసెంబరులో ‘పుష్ప 2’ వచ్చి ఈ జాతరను దేశం ముందు పెట్టింది. చీర, నగలు, రంగు మొహంతో అల్లు అర్జున్ ఆడిన ఆ ఘట్టానికి మన థియేటర్లలో పూనకాలే వచ్చాయి. బాగుంది. కానీ వేషం తీసుకుని కథను వదిలేశారు. అమ్మవారి రూపం మళ్ళీ ఒక మగవాడి ఫైటుకే ఉపయోగపడింది.

తెలుగులో మంచి స్లాషర్ రాలేదని బాధపడే దర్శకులకు నాదొక మనవి. వచ్చే మేలో తిరుపతికి రండి. చాటింపు నుంచి విశ్వరూపం దాకా మకాం వెయ్యండి, దొర వేషం రోజు మాత్రం వీధిలోంచి కదలొద్దు. వేటాడేది అమ్మాయిగా, దాక్కునేది పాలెగాడిగా ఒక కథ రాయండి. తీసేటప్పుడు మారేడుమిల్లి దాకా పోనక్కర్లేదు, తలకోన ఉంది.