బండి కన్నా ముందు మడి

పాత మినీ ట్రాక్టరు కొందామనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారని మా వైపు ఎవరడిగినా నేను ముందు ఒక్క మాటే అడుగుతాను: మీ మడిలోకి దిగే బాట ఎంత వెడల్పు? ఎన్ని హార్స్ పవర్, ఏ కంపెనీ అన్నవి అక్కర్లేని సంగతులని కాదు. వాటి వంతు తర్వాత. ముందు నేల సంగతి తేలాలి.

మా అడ్డతీగల వైపు నేల ఒక్క తీరుగా ఉండదు. మద్దిగెడ్డ నీరు పారినంత మేరా వరి మడులు. కాస్త ఎగువకెళ్తే మెట్ట చెక్కలు, ఆ పైన జీడిమామిడి తోటలు, ఇంకా పైన కొండవాలు మీద పోడు. ఒక ఇంటికి మూడెకరాలుంటే అది ఈ నాలుగు రకాల నేలల్లోనూ తలా కాస్త పంచుకుని ఉంటుంది. మైదానంలో మూడెకరాల రైతుకీ మన మూడెకరాల రైతుకీ తేడా అక్కడే. కింద ఊళ్ల నుంచి అద్దెకొచ్చే 45 హార్స్ పవర్ బండి ఇంచుమించు రెండు టన్నుల బరువు. మన చిన్న మడిలో అది మూల తిరిగేలోపు గట్టు చితికిపోతుంది. పైగా కింద దమ్ము పని ఉన్నంతకాలం ఆ బండ్లు కొండెక్కవు. నారు ముదిరిపోతుంటే బండి కోసం ఫోన్లు చేస్తూ కూర్చునే రైతుల్ని ఏటా చూస్తున్నాను. ఎడ్లు తగ్గాయి, వాటిని కాసే పిల్లలు బడులకు, హాస్టళ్లకు వెళ్లారు, మంచిదే. అందుకే టన్నులోపు బరువుండే చిన్న బండి మీదికి మనసు పోతోంది. అది సరైన ఆలోచనేనని నా నమ్మకం.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను. ఎంత చిన్నదైనా సరే, ట్రాక్టరు పోడు వాలు మీదికి ఎక్కకూడదు. అక్కడి మట్టి పలచన. రోటావేటరు పొడి చేసిన మట్టిని తొలకరి వాన గెడ్డలోకి లాక్కుపోతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా భూమి వారసులకు దక్కుతుందే గానీ, అమ్ముకోవడానికీ బదలాయించడానికీ వీల్లేదు. మట్టి పోయిన ఆ చెక్కనే మన పిల్లలకు ఇచ్చి వెళ్తాం. చోడి, సామ, కంది వేసే ఆ వాలుకి మనిషి చెయ్యి, పార చాలు. మరీ నిటారుగా ఉన్నచోట జీడిమొక్క పెట్టి వదిలేయడం మేలు.

ఇక బండ్లు. సెకండ్ హ్యాండులో దొరికేవాటిలో మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 రెండూ 15 హార్స్ పవర్, సింగిల్ సిలిండరు. కుబోటా నియోస్టార్ బి2441, మహీంద్రా జీవో 245 రెండూ 24 హార్స్ పవర్, ఫోర్ వీల్ డ్రైవ్. ఈ రెండు జాతుల మధ్య వీఎస్టీ ఎంటీ 180డీ లాంటివి ఉంటాయి. సింగిల్ సిలిండరు బండి కట్టుబడి సులువు, సామాను చవక. కాకపోతే బాగా అదురుతుంది, ఆ అదురుకి బోల్టులు వదులవుతుంటాయి. మెట్ట చెక్క, తోట మాత్రమే ఉన్నవాళ్లకు, పెట్టుబడి తక్కువ పెట్టాలనుకునేవాళ్లకు అది చాలు. దమ్ము చేయాలన్నా, వాలు బాటల మీద రోజూ ఎక్కిదిగాలన్నా నేనైతే ఫోర్ వీల్ వైపే మొగ్గుతాను. ముందు చక్రాలు కూడా లాగితేనే బురదలో బండి కూరుకుపోకుండా బయటపడుతుంది. దిగుడులో ముందు చక్రాలు కూడా ఇంజనుతో కలిసి బండిని పట్టి ఉంచుతాయి.

తోటలో నడపాలంటే ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. జీడిమామిడి కొమ్మలు నేలకు దగ్గరగా పరుచుకుంటాయి. పైకి నిలబడిన పొగగొట్టం వాటికి తగులుతుంది. పొగగొట్టం కిందికో పక్కకో తిప్పి ఉన్న బండి చూసుకోవాలి. చెట్టు మొదట్లో రోటావేటరు లోతుగా వేయకూడదు కూడా. ఆహారం పీల్చే సన్నవేళ్లు పైపైనే ఉంటాయి.

అసలు విషయానికొస్తాను. పాత బండి కొనడమంటే, అది ఇంతకుముందు చేసిన పనిని కొనడం. అందుకే అమ్మేవాణ్ని మోడలు గురించి తర్వాత అడగండి, ఇన్నాళ్లూ ఏ నేలలో తిరిగిందో ముందు అడగండి. కూరగాయల తోటలో, మామిడి తోటలో కలుపు దున్నిన బండి అన్నిటికన్నా మేలు. ట్రక్కు కట్టి ఇటుకలో ఇసుకో తోలిన బండికి క్లచ్ ప్లేట్లు, బ్రేకులు, వెనక కొక్కెం అరిగి ఉంటాయి. అవి మార్చుకోదగ్గ జబ్బులే, ధరలో తగ్గించుకుంటే సరిపోతుంది. నాకు భయమల్లా ఏళ్ల తరబడి డెల్టా మడుల్లో ఇనుప చక్రాలతో దమ్ము చేసిన బండి అంటేనే. పైకి రంగేస్తే కళకళలాడుతుంది. లోపల ఇరుసులోకి, బేరింగుల్లోకి బురదనీరు దిగి ఉంటుంది.

గంగవరం వైపు గూడెం కుర్రాడొకడు అలాంటి బండి చూడ్డానికి నన్ను వెంటబెట్టుకెళ్లాడు. ఫోర్ వీల్ బండి, టైర్లు కొత్తవి, సీటు కవరు కొత్తది.

"ఒకే చేతి మీద తిరిగిన బండండీ" అన్నాడు అమ్మేవాడు.

"ఆ చెయ్యి ఎక్కడిదండీ?"

"కోనసీమ. దమ్ముకి మహా అయితే ఒక సీజను వాడుంటారు మాస్టారూ."

ముందు చక్రం జాకీ మీద లేపించి, పైనా కిందా పట్టుకుని ఊపాను. సన్నగా టక్కుమంది. ముందు ఇరుసు అడుగున డ్రెయిన్ బోల్టు ఉంటుంది, అది వదులు చేయించమన్నాను. అమ్మేవాడు కాసేపు తటపటాయించి, కుర్రాడి మొహం చూసి, పానా తెప్పించాడు. మొదట చెంచాడు మురికినీళ్లు కారాయి. వాటి వెనకాలే పాలు ఎక్కువైన టీ లాంటి నూనె. వేలికి రాసుకుని బొటనవేలితో నలిపితే ఇసుక గరగరలాడింది. ఆ ఇసుకతోనే లోపలి పళ్లచక్రాలు తిరుగుతున్నాయన్నమాట. సీళ్లు మారిస్తే పోయేది కాదు, ఇరుసు మొత్తం విప్పాలి. కుర్రాడు చేతులు తుడుచుకుని, "వద్దులెండి మాస్టారూ, పోదాం" అన్నాడు. అమ్మేవాడు వెనకనుంచి పదిహేను వేలు తగ్గిస్తానన్నాడు. మేం ఆగలేదు.

నీళ్లు బరువు కాబట్టి నూనె అడుగున చేరతాయి. అందుకే బండి రాత్రంతా కదలకుండా నిలబడ్డాక, పొద్దున్నే బోల్టు విప్పితే నిజం తెలుస్తుంది. ఇంజనుకీ అదే సూత్రం. మనం వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచడం అమ్మేవాళ్ల అలవాటు. ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే నిష్ఠూరం ఆడక్కర్లేదు, రేపు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజను ఒకటి రెండు తిప్పుళ్లకే అందుకోవాలి. మొదట కాస్త పొగ రావడం మామూలే. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతోంది. తెల్లపొగ ఆగకపోతే నీళ్లు లోపలికి దిగుతున్నాయనో, కంప్రెషన్ పోయిందనో అనుమానించాలి. నల్లపొగకు అంత కంగారక్కర్లేదు, చాలాసార్లు ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టరు చూసుకుంటే పోతుంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూడండి. అక్కణ్నుంచి ఆవిరి గుప్పుగుప్పున తన్నుకొస్తే బోరు అరిగినట్టే, ఎంత చవగ్గా ఇచ్చినా ఆ బండికి బోరింగు ఖర్చు కలిపి లెక్కేసుకోండి.

క్లచ్ పరీక్షకు ఏ పనిముట్టూ అక్కర్లేదు. బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి, మెల్లగా క్లచ్ వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా రొద పెడుతూ ఉంటే ప్లేట్లు జారుతున్నాయి. హైడ్రాలిక్కుకి గొర్రు తగిలించి పైకెత్తి ఇంజను ఆపేయండి. మీరు టీ తాగొచ్చేసరికి గొర్రు నేలకి దిగిపోయుంటే లోపల సీళ్లు పోయాయి. రోటావేటరు తిప్పే పీటీవో షాఫ్టు మీది గాళ్లు వేలితో తడమండి. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టు అది. అంచులు నిక్కచ్చిగా తగలాలి. గుండ్రంగా, నున్నగా తగిలితే మీటరు ఎంత చూపించినా నమ్మొద్దు.

మీటరు మాట వచ్చింది కాబట్టి, దాని సంగతీ చెప్పాలి. వైరుతో నడిచే పాత తరహా మీటర్లు గడియారం గంటలు లెక్కపెట్టవు, ఇంజను చుట్లను లెక్కపెడతాయి. తక్కువ వేగంతో గంటసేపు నడిచిన బండికి మీటరులో గంట పడదు. వైరు తెగిపోతే ఏళ్ల తరబడి అక్కడే నిలిచిపోతుంది. కాబట్టి 800 గంటలు అని కనబడ్డా పెడళ్ల రబ్బరు, స్టీరింగు ఊగు, గేరు రాడ్డు అరుగుదల చూసి మీరే అంచనా కట్టాలి.

బండి నచ్చాక అయినా, దాని సామాను ఎక్కడ దొరుకుతుందో కనుక్కోకుండా బయానా ఇవ్వకండి. అడ్డతీగలలో ఆగిపోయిన బండికి కాకినాడ, రాజమహేంద్రవరం లేదా నర్సీపట్నం వెళ్లి సామాను తేవాలంటే ఒక రోజు పోయినట్టే. నారు చేతికొచ్చిన వారంలో ఆ ఒక్కరోజు విలువ వరి వేసేవాళ్లకే తెలుసు. మన ఊళ్లో మెకానిక్కు ఇదివరకు విప్పి బిగించిన బండి కాస్త పాతదైనా నాకు ఇష్టం.

కాగితాల దగ్గర మనవాళ్లు మెత్తబడిపోతారు, అక్కడే గట్టిగా ఉండాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. ఆర్సీ మీద ఫైనాన్సు ఉంటే కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతికందేదాకా పూర్తి సొమ్ము ఇవ్వకండి. పేరు మార్పుకి ఫారం 29, 30 మీద సంతకాలు. భద్రాచలం వైపు నుంచో ఒడిశా నుంచో వచ్చిన బండికి అక్కడి ఆర్టీవో ఎన్ఓసీ, అంటే ఫారం 28, తప్పనిసరి. అమ్మేవాడు పేరు మార్చడానికి బద్ధకిస్తే 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో చెప్పిన తీర్పు గుర్తుచేయండి. బండి చేతులు మారినా, ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషను ఎవరి పేరు మీద ఉందో వారిదే బాధ్యత. పేరు మార్చుకోవడం మీకెంత అవసరమో ఆయనకీ అంతే.

ధర మాట్లాడేటప్పుడు కొత్త బండి కొటేషను జేబులో పెట్టుకెళ్లండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే అసలు ధరలో లక్షకు ఏడు వేలు తగ్గినట్టు. కొన్నప్పటి పాత ధరను పట్టుకుని వేలాడే అమ్మకందారుకి ఆ కొటేషనే జవాబు.

ఒక లెక్క కూడా వేసుకోవాలి. మూడెకరాల రైతు సొంత పనికి ఏడాదిలో బండి నడిపేది యాభై గంటలు దాటదు. మిగతా కాలమంతా బండి షెడ్డులో ఉంటుంది, కంతు మాత్రం నెలనెలా వస్తుంది. కాబట్టి ఊళ్లో మరో పది ఇళ్ల పని దొరుకుతుందంటేనే ఒక్కడు కొనాలి. లేకపోతే అన్నదమ్ములు, వియ్యంకులు నలుగురు కలిసి కొని, ఎవరి దమ్ము ఎప్పుడో ముందే రాసుకోవాలి. రెండెకరాలలోపు మడి మాత్రమే ఉన్నవాళ్లు పవర్ టిల్లరు చూసుకోవడమో, అద్దెకు తెచ్చుకోవడమో మంచిది. ఆశపడి అప్పుచేయొద్దని చేతులు పట్టుకుని చెబుతాను.

చివరిగా వాలు గురించి. చిన్న బండి ఇరుకు బండి. ఇరుకు బండి పక్కకి తొందరగా ఒరుగుతుంది. వాలుకి అడ్డంగా నడపొద్దు, నిలువుగానే ఎక్కి నిలువుగానే దిగాలి. దిగేటప్పుడు న్యూట్రల్ వేయొద్దు, చిన్న గేరులోనే దిగండి. రోడ్డెక్కగానే రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే గొళ్లెం వేయండి. అది మరిచిపోతే ఒక చక్రానికే బ్రేకు పడి బండి గిర్రున తిరిగిపోతుంది. బరువు లాగేటప్పుడు కింది కొక్కేనికే కట్టండి. పైన కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. ఇక ట్రక్కు: ఎనిమిది వందల కిలోల బండి వెనక రెండు టన్నుల ట్రక్కు, దానికి సొంత బ్రేకుండదు. ఘాటు దిగుడులో ఆ ట్రక్కే బండిని తోసుకుంటూ పోతుంది.

అదే ట్రక్కులో సంతకీ పెళ్లికీ మనుషుల్ని ఎక్కించుకుని ఘాటు దిగేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. వ్యవసాయానికి చేయించిన బీమా ఆ మనుషులకు వర్తించదు. బండి కొన్న ప్రతి ఇంటికీ నా విన్నపం: ధాన్యం తోలండి, జీడిపిక్కలు తోలండి, ఎరువు తోలండి. మనుషుల్ని మాత్రం ఎక్కించవద్దు, అడిగినవాళ్లు ఎంత కావలసినవాళ్లైనా సరే.