రోంత సౌండు తగ్గించప్పా

డోన్ దాటి నంద్యాల వైపు పోయే బండిలో కూర్చుంటే, బేతంచెర్ల వస్తోందని పట్టాల పక్కన పేర్చిన నాపరాళ్ల దొంతరలే చెప్తాయి. మొన్న ఆ దారిలోనే నా ఎదురు సీట్లో ఒక పెద్దాయన ఫోన్లో వీడియోలు పెట్టుకున్నాడు. ఒకటి అయ్యేలోగా ఇంకొకటి. పెట్టె పెట్టెంతా వినాల్సిందే.

రూల్స్ లేక కాదు. రాత్రి పది దాటాక ఇయర్‌ఫోన్స్ లేకుండా పాటలు పెట్టరాదని రైల్వేశాఖ 2022 జనవరిలోనే చెప్పింది. కర్ణాటక ఆర్టీసీ బస్సుల్లో 2021లో, ముంబై బెస్ట్ బస్సుల్లో 2023లో స్పీకరు మోత వద్దన్నారు. మరి పట్టపగలు, బేతంచెర్ల దారిలో? నోటితో అడుక్కోవడమే. ఆ అడగడం ఒక విద్య, నాకు ఇప్పటికీ సరిగా రాలేదు. ముందు గొంతు సవరిస్తాను, తర్వాత గుర్రుగా చూస్తాను. రెండూ పనికిరావు.

చివరికి "రోంత సౌండు తగ్గించప్పా" అన్నాను. "ఆఁ?" అన్నాడు. మళ్లీ అన్నాను. మళ్లీ "ఆఁ?" మూడోసారి నేను అరిచిన అరుపు ఆ ఫోను మోతను మించిపోయింది. పక్కనున్న కుర్రాడు నవ్వి, "మామ ఇరవై ఏళ్లు బండల కటింగ్ మిషన్ మీద చేసినాడు సార్, వినపడదు" అన్నాడు.

ఆ మిషన్ దగ్గర నిలబడినవాళ్లకు తెలుసు. నీళ్లు పడుతుండగా రంపపు చక్రం రాయిలోకి దిగుతుంటే, పక్కవాడితో మాట్లాడాలన్నా సైగలే. ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల పనికి 90 దాకా ఒప్పుకున్నారు. ఆ మోతలో అరిగిన చెవులే సాయంత్రం మన పక్క సీట్లో కూర్చుంటాయి. మన ఇంట్లో పరుచుకున్న బండ చల్లగా, నిశ్శబ్దంగానే ఉంటుంది మరి.

కుర్రాడు ఫోన్ తీసుకుని సౌండు తగ్గించి ఇచ్చాడు. పెద్దాయన ఏమీ అనలేదు. కాసేపు బొమ్మ చూశాడు, తర్వాత ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. వినాలంటే బొమ్మ కనపడదు, బొమ్మ చూడాలంటే మాట వినపడదు. బేతంచెర్లలో దిగేదాకా ఫోన్ కంటికీ చెవికీ మధ్య తిరుగుతూనే ఉంది.